చెడిపోని పెట్టె

నా చేతుల మీదుగా తయారైన యంత్రాల్లో చెడిపోవడమే మానేసినది ఒకటే ఉంది. మిగతావన్నీ ఏదో ఒక రోజు మొరాయించాయి, నాకు తిట్లు తినిపించాయి, ఎండలో బండి మీద ఊళ్లు తిప్పాయి. ఆ ఒక్కటి మాత్రం చివరిసారి బిగించిన రోజు నుంచి నేనే తీసేసిన రోజు దాకా ఆగలేదు. మధ్యలో ఎప్పుడో ఒకసారి ఆగి ఉంటే ఎంత బాగుండేదో అని ఇప్పటికీ అనుకుంటూ ఉంటాను. నా వృత్తిలో ఉన్నవాడు అనుకోకూడని మాట అది. అయినా అనుకుంటాను.

ప్రొద్దుటూరులో బంగారు అంగళ్ల వీధి వెనక ఒక సందులో నాకు చిన్న అంగడి ఉండేది. పొద్దున మొదలైతే దీపాలు పెట్టేదాకా కంసాలుల సుత్తుల చప్పుడు ఆగదక్కడ. బయట పలక మీద కంప్యూటర్లు బాగుచేయబడును అని రాయించాను. లోపల నేను ఇష్టంగా చేసే పని వేరే. బెంగళూరులో కొన్నేళ్లు ఒక కంపెనీలో చేసి, వాళ్లు మా విభాగాన్ని మూసేస్తే ఇంటిదారి పట్టినవాణ్ణి. వచ్చేటప్పుడు రెండు మూడు డెవలప్‌మెంట్ బోర్డులు కొనుక్కొచ్చాను. వాటిని చూసి మా ఆవిడ, ఇవి కూడు పెడతాయా అంది. పెడతాయన్నాను. చాలా రోజులు పెట్టలేదు.

బోర్డంటే అరచేతిలో ఇమిడే పచ్చటి అట్ట. చూడ్డానికి ఏమీ ఉండదు గానీ అదొక నిండు కంప్యూటరు. కాకపోతే కొన్నప్పుడు దాని లోపల ఏమీ ఉండదు, దాన్ని నడిపే లినక్సును మనమే కూర్చి పెట్టుకోవాలి. మామూలు కంప్యూటర్లో వేసుకునే లినక్సులో లేని సామాను ఉండదు. ఈ బుల్లి బోర్డు అంత మోయలేదు. లినక్సుకు గుండెలాంటి కెర్నలు ఒకటి, దాన్ని నిద్రలేపే బూట్‌లోడరు ఒకటి, కావలసిన కొద్ది పనిముట్లు, మన ప్రోగ్రాము. అంతే, మిగతాదంతా తీసి అవతల పారెయ్యాలి. ఆ కూర్పంతా బోర్డు మీద కూర్చొని చెయ్యడానికి కుదరదు. పెద్ద కంప్యూటరు మీద, ఆ బోర్డులో ఉండే వేరే జాతి చిప్పు కోసం కంపైలు చేసి, వేలిగోరంత కార్డులోకి ఎక్కించి, కార్డును బోర్డులో దోపి, కేబులు తగిలించి, తెర మీద అక్షరాలు వస్తాయా రావా అని కళ్లప్పగించి కూర్చోవాలి. మనింట్లో వండి పొరుగింటికి పంపినట్టే. ఉప్పు ఎక్కువైన సంగతి వాళ్లు తిన్నాక గానీ తెలియదు.

ఒక కూర్పు పూర్తయ్యేసరికి సగం రోజు పోయేది. మధ్యలో కరెంటు పోతే మళ్లీ మొదటికి. పక్కంగడి కంసాలి అన్న టీ తెప్పించుకొని నా దగ్గరికొచ్చి, తెర మీద పరుగులు తీసే వరసల్ని చూస్తూ నిలబడేవాడు.

"ఏందప్పా ఇది, పొద్దున్నించి రాసుకుంటా పోతానే ఉండాది. దీన్ని ఎవురు సదువుతారు?"

"ఎవురూ సదవరన్నా."

"మరి ఏమిటికి రాస్తాంది?"

ఆయన నవ్వుకుంటూ పోయేవాడు.

అవి సెల్‌ఫోన్లకు ఇంకా మీటలున్న రోజులు. బాంబుల కాలం పోయిందిలే అని ప్రొద్దుటూరులో అందరూ అనేవాళ్లు. పోయింది ప్రొద్దుటూరులోనే. జమ్మలమడుగు దాటి ముద్దనూరు మీదుగా పులివెందులకు పోయే దోవలో, రోడ్డుకు లోపలగా ఉన్న పల్లెల్లో ఎన్నికలొచ్చిన ప్రతిసారీ పాత పగలు కొత్త జెండాలు కట్టుకునేవి. ఒక ఇల్లు ఒక పార్టీలో చేరితే ఎదుటి ఇల్లు రెండో పార్టీలో చేరేది. పార్టీ మీద ప్రేమ ఏమీ లేదు, వీళ్లున్న పంచన వాళ్లు ఉండరు, అంతే. ఒకసారి అలా చీలాక పెళ్లిళ్లకు పిలుపులుండవు, చావుకు కూడా పోరు.

ఒక మధ్యాహ్నం నా అంగడి ముందు జీపు ఆగింది. ఆ పల్లెల్లో ఒక ఊరి వర్గానికి పెద్దగా ఉన్నాయన దిగాడు. అందరూ పెద్దాయన అనేవాళ్లు, నేనూ అలాగే అనేవాణ్ణి. వెనకే ఆయన తమ్ముడు దిగాడు. అరవై దగ్గర పడిన మనిషి, చొక్కా జేబులో బీడీకట్ట, మాట తక్కువ. ఈయన్ని మొదటిరోజు నుంచే నేను మామా అన్నాను. మామకు చీనీ తోట, అదే బత్తాయి తోట, ఉంది, తోటలో బోరు ఉంది.

వాళ్ల కష్టం పెద్దాయన నిలబడే చెప్పాడు. పొలాలకిచ్చే త్రీఫేజు కరెంటు ఏ వేళకు వస్తుందో ఊరంతటికీ తెలుసు. ఆ వేళకు రైతు మోటరు దగ్గర ఉండి తీరాలి. చంపాలనుకునేవాడికి ఇంతకంటే ఏం కావాలి? వెతుక్కునే పని లేదు, కరెంటు వేళకు పోతే చాలు. అంతకు ముందే పక్క ఊళ్లో ఎదుటి వర్గం మనిషి ఒకడు పోయాడు. దానికి బదులు తన తమ్ముడి మీద తీర్చుకుంటారని పెద్దాయన భయం. తమ్ముణ్ణి తోటకు పంపకపోతే కాపు మీదున్న చెట్లు ఎండిపోతాయి.

"మనిషి పోకుండా మోటరు ఆడల్ల. చేస్తావా?" అన్నాడు.

"ఆటో స్టార్టర్లు అంగట్లోనే దొరుకుతాయి గదన్నా."

"పెట్టి సూసినాం. రెండు ఫేజులొచ్చినా ఆడించేస్తాది. మోటరు కాలిపాయ."

లోపల నాకు పండగైపోయింది. బెంగళూరు నుంచి తెచ్చిన బోర్డులకు ఇన్నాళ్లకు ఒక పని దొరికింది. మూడు ఫేజులూ సరిగా ఉంటేనే మోటరు వేస్తుంది, బోరులో నీళ్లు దిగిపోతే ఆపేస్తుంది, ఫోను చేస్తే మాట వింటుంది, మోటరు వేసినప్పుడల్లా మెసేజు పంపుతుంది అని గుక్క తిప్పుకోకుండా చెప్పాను. పెద్దాయన తల ఊపాడు. మామ అంతసేపూ నా బల్ల మీది బోర్డునే చూస్తున్నాడు. పోయేముందు ఒకటే అడిగాడు.

"ఇది పెడితే ఇంగ నేను పోనే అక్కరల్యా?"

"అసలు అక్కరల్యా మామా" అన్నాను గొప్పగా. సంతోషిస్తాడనుకున్నాను. ఆయన చెప్పులేసుకొని జీపెక్కాడు.

స్టార్టరు పెట్టె పులివెందులలో చేయించి, బోర్డు అందులో కూర్చి, బిగించడానికి నేనే పోయాను. ముందొక జీపు, వెనకొక జీపు. తోటలో మోటరు కొట్టం ఉంది. గోడలంటే నిలబెట్టిన నాపబండలే. బండకూ బండకూ మధ్య వేలు దూరేంత సందులు. లోపల ఒక నులకమంచం. చెట్లకు నీళ్లు డ్రిప్పు పైపుల్లో పోతాయి. కొట్టం వెనక గోడకు అవతల ఆ పైపుకే ఒక కొళాయి పెట్టారు. ఆ చుట్టుపక్కల మిగతా బోర్లలో పడేవి ఉప్పునీళ్లు. అందుకని మోటరు ఆడేటప్పుడు ఊళ్లో ఆడవాళ్లు బిందెలు తెచ్చుకొని తాగే నీళ్లు పట్టుకుపోతారు. నీళ్లకొచ్చిన ఆడమనిషిని, ఏ వర్గం ఇంటిదైనా సరే, ఒక్క మాట అనకూడదని ఆ ఊరి కట్టుబాటు. అంత నరుక్కున్న ఊళ్లో దాన్ని మాత్రం ఎవరూ దాటలేదట. ఈ సంగతి పెద్దాయన మనుషులు చెబుతుంటే నేను సగం విన్నాను. నా దృష్టంతా మెసేజులు పంపే మోడెముకు సిగ్నలు అందుతుందా లేదా అన్న దాని మీదే ఉంది.

పెట్టె కొన్నాళ్లు బాగానే నడిచింది. తర్వాత ఒక రోజు మామే దాన్ని గుడ్డలో చుట్టుకొని, జీపులో మనుషుల్ని వెంటబెట్టుకొని అంగడికొచ్చాడు. పలకడంల్యా అన్నాడు. చూస్తే నిజమే. కార్డు మీద ఏదో రాస్తుండగా కరెంటు పోయినట్టుంది, రాసింది చెదిరిపోయి బోర్డు లేవడం లేదు. నాకు తల కొట్టేసినట్టయింది. కార్డు మీద అసలేమీ రాయకుండా, రాసుకునేదేదో తాత్కాలిక జ్ఞాపకంలోనే రాసుకునేలా మొత్తం మార్చి ఇచ్చాను. మళ్లీ వచ్చాడు. ఈసారి ప్రోగ్రాము మధ్యలో బిగుసుకుపోయింది. చిప్పులోనే వాచ్‌డాగ్ అని ఒక గడియారం ఉంటుంది. మన ప్రోగ్రాము మాటిమాటికీ దాన్ని తట్టకపోతే, బిగుసుకుపోయిందని అర్థం చేసుకొని బోర్డును అదే మళ్లీ లేపుతుంది. దాన్ని వాడటం మొదలుపెట్టాను. ప్రతి ఫిర్యాదుకూ నా లినక్సు గట్టిపడుతూ వచ్చింది. నిజం చెప్పాలంటే అవి నా బతుకులో మంచి రోజులు. పొద్దున్నే లేచి అంగడికి పరుగెత్తేవాణ్ణి.

మూడోసారి తెచ్చినప్పుడు పెట్టెలో ఏ లోపమూ కనిపించలేదు. బోర్డు లేచింది, మోడెము పలికింది, మోటరు వేసే రిలే టక్కుమంది. తీగలు మాత్రం పీకినట్టున్నాయి. ఎలుకలు కొరికితే అలా ఉండదు. నా పనికి ఎవరైనా అడ్డొస్తే నాకు ముందు ఒళ్లు మండుతుంది, బుద్ధి తర్వాత పనిచేస్తుంది.

"ఇవి ఎవురో పీకినారు మామా. మీ ఊళ్లో నా పని చెడగొట్టేటోడు ఎవుడు?"

"నేనేలేప్పా."

నేను స్క్రూడ్రైవరు కింద పెట్టాను. మామ వాకిలి వైపు చూశాడు. జీపు మనుషులు ఎదురుగా హోటల్లో కారం దోసెలు తింటున్నారు. ఆయన గొంతు తగ్గించాడు.

"మాకొక చెల్లెలుండాది. నాకూ పెద్దాయనకూ చెల్లెలే. ఊర్లోనే ఇచ్చినాం. ఇచ్చినప్పుడు అందరం ఒకటే. వాళ్లు ఆ పార్టీలోకి పోయినంక రాకపోకలు నిలిచిపాయ. పెండ్లికి ల్యా, పండక్కి ల్యా. నీళ్లకు మాత్రం వస్తాది. మోటరు ఆడే సద్దు ఇంటే నేను వచ్చినానని లెక్క. వంక దాటి బిందె ఎత్తుకోని వస్తాది. నేను లోపల మంచం మీద, ఆయమ్మ బయట కొళాయి కాడ. మొగాలు సూసుకోం. ఎవురన్నా సూసినా అనేదానికి ఏమీ ల్యా. బండల సందులో నించి మాట్లాడుకుంటాం. బిందె నిండేదాక."

"ఏం మాట్లాడుకుంటారు మామా?"

"ఏముంటాదప్పా. బర్రె ఈనిందంటాది. కోడలు మాట ఇనడంల్యా అంటాది. కొన్ని రోజులు నాకు పలకబుద్ధి కాదు, ఊరికే ఇంటా. నేను పలక్కపోయినా లోపలుండానని ఆయమ్మకు తెలుసు."

ఈ మిషన్ వచ్చాక తనకు కరెంటు వేళకు తోటకు పోయే సాకు లేకుండా పోయిందని చెప్పాడు. చెడిపోతే మోటరు చేత్తో వెయ్యడానికైనా ఒక పూట ఆ వేళకు అటు పోవచ్చని, కరెంటు లేనప్పుడు పోయి పీకాడట. పోయాడు కూడా, కానీ మనుషులు వెంట ఉన్నారు, మాట్లాడటానికి కుదరలేదు.

ఏం చెయ్యాలో ఆలోచిస్తూ నేను ఆ పెట్టెను కొన్నాళ్లు అంగట్లోనే ఉంచేసుకున్నాను. విడి భాగం రావాలని పెద్దాయనతో అబద్ధమాడాను. మామకు అటు పోయే వీలు దొరికేలా, వారానికోసారి తనంతట తానే బిగుసుకుపోయే కూర్పు ఒకటి తయారుచేద్దామా అని కూడా అనిపించింది. చెయ్యడం ఎంతసేపు? ఇంతలో పక్క మండలంలో ఒక రైతును మోటరు కొట్టం దగ్గరే, కరెంటు వేళకే చంపేశారు. నా ఆలోచన అమలు చేసి ఉంటే ఆ రైతు స్థానంలో మామ ఉండేవాడేమో అనుకున్నాను. ఇక వెనకాడలేదు. పెట్టెకు ఇనప తలుపు, తాళం చేయించాను. నా అంగట్లోనే కూర్చొని, మోడెములోని సిమ్ము ద్వారా లోపలి కూర్పును మార్చుకునే వీలు పెట్టాను. కార్డులో రెండు నకళ్లు ఉంచాను, కొత్తది లేవకపోతే పాతది లేస్తుంది. ఈసారి బిగించడానికి నన్ను రానివ్వలేదు, ఊరు బాగాలేదని పులివెందుల ఎలక్ట్రీషియన్‌ను తన మనుషులతో పంపించాడు పెద్దాయన.

పెట్టె తీసుకుపోయే రోజు మామ అంగడికి వచ్చాడు.

"ప్రాణం కాపాడుతానంటాండావు. కాదనేదానికి ల్యా" అన్నాడు. "ఒక పని చెయ్యి నాయనా. దాన్ని సూసుకునేదానికి అప్పుడప్పుడు పోతావు గదా. కరెంటేళకు పో. కొళాయి కాడికి వస్తాది. మీయన్న రావడంల్యా, మిషన్ ఆడిస్తాంది, అలిగి కాదు అని చెప్పు. అంతే. మా ఇంట్లో ఎవురితోనూ చెప్పే మాట కాదిది."

"చెప్తా మామా. రిపేరుకు పోయిన మొదటిసారే చెప్తా" అన్నాను.

రిపేరుకు పోయినప్పుడు అని అన్నాను. ఆ మాట ఎందుకన్నానో గానీ, అన్నాను.

ఆ తర్వాత పెట్టె చెడిపోలేదు. పిడుగులు పడ్డాయి, వేసవిలో కరెంటు ఇష్టమొచ్చినట్టు వచ్చి పోయింది, అయినా దానికేమీ కాలేదు. లోపల ఏదైనా మార్చాలంటే ప్రొద్దుటూరు నుంచే మార్చేవాణ్ణి. కరెంటు వేళకు నా ఫోను మోగేది. మోటరు నడుస్తోంది అని మెసేజు. పక్కంగడి అన్నకు చూపించి మీసం తిప్పేవాణ్ణి. ఆ పేరుతోనే పులివెందుల చుట్టుపక్కల చీనీ తోటల వాళ్లు వచ్చి పెట్టెలు చేయించుకున్నారు. అవి చక్కగా చెడిపోయేవి. వాటి కోసం ముద్దనూరు దోవలో ఎన్నోసార్లు పోయాను, వచ్చాను. రోడ్డు మీద నుంచి చూస్తే మామ తోట పచ్చగా కనబడేది. బండి లోపలికి తిప్పాలంటే భయం ఉండేది, అబద్ధం చెప్పను. ఒంటరిగా ఎవడో వచ్చాడని రెండు వర్గాలూ కన్నేస్తాయి. భయం లేని రోజుల్లో తొందర ఉండేది. ఈసారి వచ్చినప్పుడు చూద్దాంలే అనుకునేవాణ్ణి.

పంచాయతీ ఎన్నికలు దగ్గర పడగానే పెద్దాయన ఇంటిల్లిపాదినీ ప్రొద్దుటూరుకు మార్చేశాడు. మామకు అక్కడ ఏమీ తోచేది కాదు. ఎండ చల్లబడ్డాక నా అంగడికి వచ్చి ఇనపకుర్చీలో కూర్చునేవాడు.

"ఈ దినం ఆడిందా?"

"ఆడింది మామా" అని మెసేజు చూపించేవాణ్ణి. కళ్లజోడు పైకెత్తి, చదవలేకపోయినా చాలాసేపు చూసేవాడు.

ఒకరోజు అడిగాడు. "కొళాయి ఎవురన్నా తిప్పినారో ల్యాదో దీనికి తెలుస్తాదా?"

తెలిసేలా చెయ్యొచ్చు. పైపులో ఒత్తిడి కొలిచే సెన్సరు ఒకటి పెడితే, కొళాయి తిప్పగానే ఒత్తిడి పడిపోతుంది, మెసేజులో ఇంకో మాట చేరుతుంది. చేస్తాను మామా, కాకపోతే పైపుకు బిగించడానికి ఒకసారి పోవాలి అన్నాను. ఆయన ముఖం విప్పారింది. "పో మరి. అట్లే ఆ మాట కూడా చెప్పినట్టుంటాది." ఎన్నికలు అయిపోనీ మామా అన్నాను. అదే రోజుల్లో పెద్దాయన ఒకసారి పెట్టెకు కెమెరా పెట్టమన్నాడు, కొట్టం కాడికి ఎవరెవరు వస్తారో చూడాలన్నాడు. బోర్డు మొయ్యలేదన్నా అన్నాను. అది మొయ్యగలదు. ఆ అబద్ధం చెప్పినందుకు మాత్రం నాకు ఏ బాధా లేదు.

ఎన్నికలు అయిపోయాయి. ఊరేగింపులు, కేసులు, బెయిళ్లు, అవీ అయిపోయాయి. సెన్సరు తెప్పించాను, నా బల్ల సొరుగులో ఉంది. ఒక పొద్దున మామ ప్రొద్దుటూరు ఇంటి వాకిట్లో కుర్చీలో కూర్చొని కాఫీ అడిగి, అది వచ్చేలోపల తల వాల్చేశాడట. కత్తి కాదు, బాంబు కాదు, గుండె. చూడటానికి పోతే పెద్దాయన నా చెయ్యి పట్టుకొని వదలలేదు.

"నీ మిషనేప్పా మా తమ్మున్ని ఇన్నాళ్లు కాపాడింది" అన్నాడు అందరి ముందరా.

అక్కడున్నవాళ్లంతా నా వైపు చూశారు. నేను తల వంచుకున్నాను. వినయం అనుకొని ఉంటారు. మట్టి చెయ్యడానికి సొంతూరికి తీసుకుపోతారని, అక్కడికి చెల్లెలిని రానివ్వరని, అదీ అక్కడే తెలిసింది.

తర్వాత తోటను కౌలుకిచ్చేశారు. కౌలుదారు, మనిషిని పెట్టుకుంటాను మిషన్ నాకొద్దు అన్నాడు. పెట్టె తెచ్చేసుకో అని పెద్దాయన తాళాలు పంపించాడు. ఇన్నాళ్లూ దొరకని తీరిక ఆ రోజు దొరికింది. అడిగేవాడూ లేడు, ఆపేవాడూ లేడు.

కొట్టం తలుపు తీస్తే లోపల మంచం గోడకు నిలబెట్టి ఉంది. ఇనప తలుపు వెనక దుమ్ములో చిన్న లైటు మిణుకు మిణుకుమంటోంది. లాప్‌టాప్‌కు కేబులు తగిలించి చూశాను. వాచ్‌డాగ్ దాన్ని ఒక్కసారి కూడా లేపాల్సిన అవసరం రాలేదు. ఆ స్థితిలో కూడా నాకు గర్వం కలిగింది, దాచుకోవడం ఎందుకు. ఇంతలో త్రీఫేజు కరెంటు వచ్చింది. రిలే టక్కుమంది. మోటరు అందుకుంది. జేబులో నా ఫోను మోగింది.

కాసేపటికి గోడ అవతల బిందె పెట్టిన చప్పుడైంది.

చుట్టూ తిరిగి వెనక్కి పోయాను. మామ ముక్కే ఆమెకూ. తలమీద కొంగు, కాళ్లకు వంకలో ఇసక. నన్ను చూసి బెదరలేదు.

"నువ్వేనా మిషన్ పెట్టినాయప్ప?"

"నేనేనమ్మా."

ఆమె కొళాయి తిప్పి బిందె సరిగ్గా జరుపుకుంది. తర్వాత నాపబండ మీద చెయ్యి ఆనించి చెప్పింది.

"శానా దినాలు మాట్లాడినాప్పా ఈ గోడతో. మాయన్న లోపలే ఉండాడనుకుంటి. పలకకపాయ. పలకబుద్ధి కాకుంటే పలకడులే అనుకుంటి. రేపు పలుకుతాడు, మర్నాడు పలుకుతాడు అనుకుంటి. మావోళ్లు చేసినదానికి నా మీద అలిగినాడేమో అని, అలగగాకన్నా, నేనేం చేస్తినన్నా అంటి. మొక్కినా కూడా. ఒకనాడు దూడ తప్పించుకోని ఈ పక్కకొస్తే ఎనకాల్నే వస్తి. సూస్తే తలుపుకు బయట నుంచి తాళమేసి ఉండాది."

లోపలున్నది నా పెట్టె. దానికి మూడు ఫేజులు తెలుసు, నీటి మట్టం తెలుసు. మనిషి మాట వినడానికి అందులో నేను ఏమీ పెట్టలేదు.

మామ చెప్పమన్న మాట అప్పుడు చెప్పాను. "అలిగి కాదమ్మా. ఈడికి వచ్చేదానికే తీగలు పీకినాడు. మీతో చెప్పమని నాతో చెప్పి పంపినాడు. నేనే రాకపోతి."

తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే నాకు కొంత బరువు దిగేది.

"ఇప్పుడొచ్చినావు గదా" అంది.

బిందె నిండుతోంది. ఆమె దాని వైపే చూస్తూ అంది. "మనిషి పోయినాడని తెలుసు. చావుకు పోనియ్యకపోతే మిద్దె మీద నించి సూస్తి. తెలిసినా ఈ సద్దు ఇంటే కాళ్లు నిలవవు. దాన్ని ఆపెయ్యప్పా. మనిషి ల్యాకుండా పిలుస్తాంది."

"మరి మంచినీళ్లమ్మా?"

"కౌలుకు తీసుకున్నోళ్లు ఆడిస్తార్లే. అప్పుడు ఈడ ఎవురో ఒకరు ఉండారని తెలుస్తాది. ఈ బిందె నిండనీ."

నిండేదాకా కొళాయి పక్కనే నిలబడ్డాను. ఆమె బిందె నడుముకెత్తుకొని వంక దిగిపోయాక లోపలికి వచ్చి, ఒకప్పుడు మామ పీకిన తీగలనే పీకాను. మోటరు ఆగింది.

మర్నాడు కరెంటు వేళకు అంగట్లో పనేమీ పెట్టుకోకుండా ఫోను చేతిలో పట్టుకొని కూర్చున్నాను. మెసేజు రాలేదు.